బొట్టు పెట్టిన సిపాయి

షెఫీల్డ్‌లో ప్రభావతి ఆంటీ ఇంటి గుమ్మం ముందు, తడిసిన గొడుగుతో, కాలింగ్‌బెల్ నొక్కాలా వద్దా అని వేలు గాల్లో పెట్టుకుని నిలబడ్డ ప్రవల్లికను పోయినవారం అలాగే వదిలేసి వచ్చాం. పాపం, ఆ పిల్ల ఇంకా అక్కడే ఉంది. మధ్యలో వచ్చి చేరినవాళ్ళ కోసం రెండు ముక్కలు చెప్పి ఆ బెల్లు నొక్కించేద్దాం.

సులోచనమ్మగారికి ఎనభై రెండేళ్ళు. పుట్టింది బాపట్లలో, ఇప్పుడుంటున్నది కూతురు ప్రభావతి దగ్గర. ఆవిడ ఇంకా తల్లి కడుపులో ఉండగానే తండ్రి కోటయ్య రెండో ప్రపంచ యుద్ధానికి వెళ్ళాడు. మళ్ళీ ఇంటికి రాలేదు. పోయాడన్న తంతి కూడా రాలేదు. ఆయన ఇటలీ నుంచి పంపిన ఫోటో ఒక్కటే మిగిలింది. అందులో అయిదుగురు సిపాయిలున్నారు. వాళ్ళలో కుర్చీలో కూర్చున్న ఒకాయన నుదుటికి సరిగ్గా ఎదురుగా, పటం అద్దం మీద, తల్లి సుగుణమ్మ పెట్టిన కుంకుమబొట్టు ఉంది. ఆ బొట్టాయనే తన తండ్రని సులోచనమ్మగారు ఊహ తెలిసినప్పటి నుంచీ దణ్ణం పెట్టుకుంటున్నారు. రేపు ఆదివారం లైబ్రరీ హాల్లో యుద్ధంలో పనిచేసినవాళ్ళ జ్ఞాపకంగా ఫోటోల ప్రదర్శన. ఆ బొట్టాయన మొహాన్నే నిలువెత్తున వేయించి, ఊళ్ళో తెలుగువాళ్ళందరినీ పిలిచారు. పాత సైనికుల ఫోటోల్లో దుస్తులూ గుర్తులూ చూసి ఎవరెవరో తేల్చడం నేర్చుకోవడానికే కడప నుంచి ఇక్కడి యూనివర్సిటీకొచ్చిన ప్రవల్లికకి, ఫోటో కింద నాలుగు వాక్యాలు రాసే పని అప్పగించారు. పటం విప్పి చూసేసరికి ఆ పిల్ల గుండెల్లో రాయి పడింది.

బొట్టాయన కోటయ్య కాదు!

సరే, బెల్లు మోగింది.

“రామ్మా రా. ఇంత వానలో ఎందుకొచ్చావ్, ఆ రాసిందేదో వాట్సాప్‌లో పెట్టేస్తే పోయేదిగా,” అంది ప్రభావతి తలుపు తీస్తూ. ఆవిడ పెద్దాసుపత్రిలో వార్డు సిస్టరు. మనిషి మంచిదే గాని, అన్నీ అనుకున్న టైముకి అనుకున్నట్టు జరగకపోతే కంగారు.

“ఆంటీ, అవ్వకి వినపడకుండా మీకొక మాట చెప్పల్ల,” అంది ప్రవల్లిక బూట్లు విప్పుతూ. చెప్పడానికి దార్లో బస్సులో ఎన్నో రకాలుగా మెత్తగా కూర్చుకున్న మాటలన్నీ ఆ క్షణాన ఎగిరిపోయాయి. “ఆ ఫోటోలో బొట్టుండే ఆయప్ప మీ తాత కాదు.”

ప్రభావతి ముందు నవ్వింది. తర్వాత పిల్ల మొహం చూసి నవ్వు ఆపేసింది. వంటగదిలోకి లాక్కెళ్ళి తలుపు వేసింది.

“నీకేమన్నా పిచ్చా? రేపు ఫంక్షన్ పెట్టుకుని ఇవాళ చెప్తావా? సండే ఆఫ్ కోసం డ్యూటీ రోటా మార్చమని ఎంతమందిని బతిమాలానో తెలుసా? నూటయాభై సమోసాలు చెప్పా. కౌన్సిల్ నుంచి మేయర్ వస్తోంది. మా అమ్మ పట్టుచీర ఇస్త్రీ చేయించుకుని పెళ్ళికూతురిలా కూర్చుంది లోపల!”

“నాకు నిన్ననే తెలిసింది ఆంటీ.”

“తెలిస్తే తెలిసింది. సోమవారం చెప్పు. సోమవారం తీరుబడిగా నేనే చెప్తా. సండే ఒక్కటీ దాటనీ. ఆవిడ గుండెకి స్టెంట్ వేసి ఇంకా ఏడాది కాలేదు.”

నిజం చెప్పాలంటే ప్రవల్లికకి కూడా క్షణంపాటు అదే బాగుందనిపించింది. ఎవరికి నష్టం? పోయినవాళ్ళు వచ్చి అడుగుతారా? ముసలావిడ సంతోషంగా దీపం వెలిగిస్తుంది, సమోసాలు తింటారు, వెళ్ళిపోతారు. కానీ సోమవారం నిజం తెలిశాక, వందమంది ముందు పరాయివాడి మొహానికి దీపం పెట్టానన్న సంగతి ఆవిడ ఎలా మింగుతుంది? పైగా, అసలు కోటయ్య ఆ ఫోటోలోనే ఉన్నాడు. ఎక్కడున్నాడో ప్రవల్లిక కనిపెట్టింది. ఆయన్ని వెనక వరసలో నిలబెట్టేసి పరాయివాడి కింద ఆయన పేరు రాయడానికి చెయ్యి రావడం లేదు.

“నేను రాయలేను ఆంటీ. అవ్వ వాళ్ళ నాయన ఆడనే ఉండాడు. ఆయన్ని వదిలిపెట్టి వేరేవాళ్ళ మొహం కింద ఆయన పేరెట్ల రాసేది?”

“ఏమిటే ఆ గుసగుసలు?” ముందుగది నుంచి కేక. “నా చావు కబురైతే ముందు నాకే చెప్పాలి కదా! రండిటు!”

చెవుడు చెవుడంటారు గానీ, తన గురించి మాట్లాడుకుంటే పక్క వీధిలోదైనా వినపడుతుంది ఆవిడకి. ప్రభావతి నెత్తి కొట్టుకుంది.

సులోచనమ్మగారు కిటికీ పక్కన సోఫాలో, చీర మీద ఉన్ని స్వెట్టరు, తల మీద చెవులు కప్పేసేలా ఉన్ని టోపీతో కూర్చుని ఉన్నారు. జూన్‌లోనైనా డిసెంబరులోనైనా ఆ టోపీ తీయరు. చలికని అందరూ అనుకుంటారు.

“నమస్తే అవ్వా.”

“ముందా అవ్వ మానెయ్. మా వైపు అవ్వంటే కాటికి కాళ్ళు చాపుకున్నదని. మామ్మగారూ అను. రాశావా? చదువు.”

ప్రభావతి వెనక నిలబడి వద్దు వద్దని తల ఊపుతోంది. అప్పుడా పిల్లకి తన మేడమ్ క్లాసులో మొదటిరోజు నేర్పిన పద్ధతి గుర్తొచ్చింది. మొహం చివర చూడండి, అందావిడ. బూట్లు చూడండి, బెల్టు చూడండి, చేతి పట్టీలు చూడండి, భుజాలు చూడండి. మొహం ముందు చూస్తే మనసు తీర్పు చెప్పేస్తుంది, ఇక కళ్ళు పనిచేయడం మానేస్తాయి అని.

“చదవను అవ్వా. మీరే చదవండి. నేను నేర్పిస్తా.”

సంచిలోంచి అయిదు పెద్ద కాగితాలు తీసింది. ఫోటోని శుభ్రంగా స్కాన్ చేసి, అయిదుగురు సిపాయిల్నీ ఒక్కొక్కర్నీ ఒక్కో కాగితం మీద పెద్దగా అచ్చు వేయించింది. మొహం ఉన్న పై భాగాన్ని వెనక్కి మడిచి క్లిప్పు పెట్టింది. టీ బల్ల మీద కాగితాలు పేకముక్కల్లా పరిచింది. తలల్లేని అయిదుగురు సిపాయిలు.

“ఇదేమిటే, మా నాన్న తల తీసేశావు!” అన్నారు గాని, ఆవిడ కళ్ళల్లో అప్పుడే హుషారు. కళ్ళజోడు సర్దుకుని ముందుకి వంగారు. “ఓరినీ! ఇంత స్పష్టంగా ఎప్పుడూ కనపడలేదే!”

ఎలా కనపడుతుంది? అగరువత్తుల పొగ పట్టి ఆ పటం అద్దం ఎప్పుడో నల్లబడింది. తుడుద్దామంటే అద్దం మీద బొట్టుంది. బొట్టు తుడవకూడదు. అలాగని ఊరుకోకుండా ఏటా దానిమీదే ఇంకో బొట్టు. సుగుణమ్మ పోయాక సులోచనమ్మగారు, ఇంగ్లండు వచ్చాక కూడా, అదే చోట అదే బొట్టు. ఆ కుంకుమ చుట్టూ మొహం ఒక్కటీ మసగ్గా కనపడేది. చేతులూ భుజాలూ చూసిన నాథుడు లేడు.

“మీ నాయన పట్టాళంలో ఏం పని చేస్తుండె అవ్వా?”

“జెండాలు!” అన్నారు సులోచనమ్మగారు వెంటనే. “ఈ కొండ మీద నుంచి ఆ కొండ మీదకి జెండాలూపి కబురు చెప్పే పని. యుద్ధానికి వెళ్ళకముందు, పట్టాళం నుంచి సెలవుకొచ్చినప్పుడు మా అమ్మకి నేర్పాడట. అత్తగారి ముందు మొగుడితో నోరు విప్పి మాట్లాడకూడదుగా ఆ రోజుల్లో! ఆయన డాబా మీద, ఈవిడ పెరట్లో. రెండు తువ్వాళ్ళు పట్టుకుని… ప్రభా, ఆ తువ్వాళ్ళిలా పడెయ్.”

పడేసేదాకా ఊరుకోలేదు. రెండు టీ టవల్స్ చెరో చేత్తో పట్టుకుని సోఫాలోనే కూర్చుని ఊపారు. “ఇదుగో, ఇలా ఊపితే అన్నం తిన్నావా అని. ఇలా ఊపితే ఆవిడ నిద్రపోయిందా అని. ఇంకోటుంది గాని పోనీలే, నువ్వు పెళ్ళికాని పిల్లవి.”

“అమ్మా!” అంది ప్రభావతి. నవ్వు ఆపుకోలేకపోయింది.

“అయితే ఇప్పుడు చూడండి,” అంది ప్రవల్లిక. “ఈయప్ప చేతి మీద ఏమీ లేదు. మామూలు సిపాయి. ఈయన చేతి మీద మూడు పట్టీలుండాయి కదా, హవల్దారు. దానికింద తెల్లగుడ్డ కట్టుకున్నాడు చూడండి, దానిమీద ఏముంది?”

“ప్లస్సు గుర్తు. రెడ్ క్రాస్ కాదూ? మా ప్రభ ఆస్పత్రి బాపతు.”

“అదే. దెబ్బలు తగిలినోళ్ళని మోసుకొచ్చి కట్లు కట్టే మనిషి.”

“ఎంత పుణ్యాత్ముడో!” అన్నారు ఆవిడ ఆ చేతిని వేలితో తాకి. “తూటాల వానలో పరిగెత్తి ఒకళ్ళని మోసుకురావడమంటే మాటలా? ఏ తల్లి కన్న బిడ్డో.”

ప్రవల్లిక, ప్రభావతి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

సులోచనమ్మగారు మూడో కాగితం, నాలుగో కాగితం గబగబా దాటేశారు. అయిదో కాగితం దగ్గర ఆగిపోయారు. నిలబడ్డ మనిషి. భుజం కింద రెండు పట్టీలు. ఎడమ ముంజేతి మీద, చొక్కా గుడ్డ మీద కుట్టిన చిన్న బొమ్మ. ఒకదాని మీద ఒకటి అడ్డంగా వేసిన రెండు చిట్టి జెండాలు.

“జెండాలు!” కేక పెట్టారు. “జెండాలే! ప్రభా, చూడవే, తాతయ్య చేతి మీద జెండాలు! ఈయనే మా నాన్న!”

ఎవరూ ఆపేలోపే క్లిప్పు లాగేసి మడత విప్పేశారు.

బొట్టాయన మొహం కాదది.

సులోచనమ్మగారు ఆ కాగితం పక్కన పెట్టి, మిగతా వాటి మడతలు ఒక్కొక్కటీ విప్పారు. రెడ్ క్రాస్ పట్టీ కట్టుకున్న హవల్దారు మడత విప్పినప్పుడు, తను రోజూ పొద్దున్నే లేచి చూసే మొహం బయటికొచ్చింది.

“అమ్మా, ముందు కాసిని మంచినీళ్ళు తాగు,” అంది ప్రభావతి చెయ్యి పట్టుకుని నాడి చూస్తూ.

“నాకేం కాలేదు, వదులు.” ఆవిడ గొంతు మారిపోయింది. “ఏమే పిల్లా. ఎస్సెల్సీ పాసయితే ఈయనకి చెప్పుకున్నాను. మా ఆయన్ని చేసుకోనా మాననా అని ఈయన్నే అడిగాను. ఇది పుడితే పొత్తిళ్ళలో ఈయనకే చూపించాను. ఇప్పుడు నువ్వొచ్చి ఈయనెవరో అంటున్నావు.”

“తప్పయితే క్షమించండి మామ్మగారూ,” అంది ప్రవల్లిక. కళ్ళనిండా నీళ్ళు. అవ్వ అనడం కూడా మరిచిపోయింది. “జెండాల గుర్తు ఆ ఒక్కాయనకే ఉంది. రెడ్ క్రాస్ ఆయనకి అది ఉండదు.”

“మా అమ్మకి మొగుడెవరో తెలీదా అయితే? కాపరం చేసిన మనిషి! వేరేవాడికి బొట్టు పెడుతుందా?”

ఇదే ప్రశ్న ప్రవల్లికని నిన్నటి నుంచి తొలుస్తోంది. చేతి పట్టీలకీ బిళ్ళలకీ పుస్తకాల్లో జవాబులున్నాయి. దీనికి లేదు. “అదే నాకూ అర్థం కాలేదు,” అంది నిజాయితీగా.

సులోచనమ్మగారు ఆ రెండు మొహాలూ పక్కపక్కన పెట్టుకుని చూస్తున్నారు. చూసి చూసి, ఉన్నట్టుండి తలెత్తారు.

“ఫోటోకి బొట్టు ఎవరికి పెడతారే?”

“పోయినోళ్ళకి.”

“బతికున్నవాళ్ళ ఫోటోకి?”

“అమ్మో! పెడితే మా జేజి చెంప పగలగొడ్తాది.”

“మరి!” అన్నారు సులోచనమ్మగారు. సోఫా చేతిమీద గట్టిగా ఒకటి చరిచారు. “మరి! ఊరంతా మా అమ్మని ఆడిపోసుకున్నారే. మొగుడు యుద్ధంలో పోయినా ముఖాన ఇంత కుంకుమ పెట్టుకుని తిరుగుతోంది, సిగ్గులేదని. పెద్దయ్యాక నేనూ అడిగాను, పాపిష్టిదాన్ని. నాన్న ఫోటోకి బొట్టు పెట్టి, నీ బొట్టు ఎందుకుంచుకున్నావమ్మా అని. ఏమందో తెలుసా? ఆయనకెప్పుడు పెట్టానే, అంది. పెద్దదయింది, మతి తప్పిందనుకున్నాను. నాకు తప్పిందే మతి!”

ప్రవల్లికకి అప్పుడర్థమైంది. సుగుణమ్మ పోయినవాడికే బొట్టు పెట్టింది. మొగుడికి పెట్టలేదు. ఆయన ఆవిడ లెక్కలో ఎప్పుడూ పోలేదు. మొగుడి పేరు నోటితో చెప్పకూడదు, వేలితో చూపించకూడదు కాబట్టి కూతురికి ఎవరెవరో చెప్పనూ లేదు. చుట్టాలందరూ బొట్టాయన్ని చూపించి అదుగో మీ నాన్నంటే, పసిపిల్ల నమ్మింది.

“అంటే అమ్మమ్మకి తాతయ్య బతికున్నాడనే…” ప్రభావతి మాట పూర్తి చేయలేకపోయింది.

సులోచనమ్మగారు వినలేదు. జెండాలాయన మొహాన్ని కళ్ళదగ్గరికి తెచ్చుకుని ఎంతో శ్రద్ధగా చూస్తున్నారు. మెల్లిగా ఆవిడ పెదాలు వణికాయి. ఏడుస్తారనుకుని ప్రభావతి ముందుకి వంగింది. ఆవిడ ఏడవలేదు. తల మీది ఉన్ని టోపీ పీకి అవతల పారేశారు.

“చూడండే! చూడండి!” అన్నారు రెండు చెవులూ రెండు చేతులతో పట్టుకుని. “చాట చెవులు!”

నిజమే. కోటయ్య చెవులు తలకి అటో చాట, ఇటో చాట కట్టినట్టున్నాయి. టోపీ ఆ చెవుల మీదే ఆగింది. ఆ చెవులే ఇక్కడ సోఫాలో కూర్చుని ఉన్నాయి.

“బడిలో నన్ను చాటా చాటా అని ఏడిపించేవారు. అమ్మ చెవులు చూస్తే ముచ్చటగా ఉండేవి. బొట్టాయన చెవులు చూస్తే బుద్ధిగా తలకి అతుక్కుని ఉండేవి. ఇవెక్కడివి నాకు అని దేవుణ్ణి తిట్టుకుని, జడల కిందా కొంగు కిందా టోపీ కిందా దాచుకుని బతికానే! ఇవి మా నాన్నవి. మా నాన్న నాకిచ్చిపోయిన ఆస్తే ఇవి!”

అంటూ పగలబడి నవ్వారు. ప్రభావతి ఏడుస్తూ నవ్వుతూ వెళ్ళి తల్లిని కావలించుకుంది. ఇక ప్రవల్లిక సంగతి చెప్పక్కర్లేదు. గుండెల్లో రాయి కరిగి నీరై కళ్ళవెంట కారిపోతోంది. ఇంత సంతోషంగా ఏడవడం ఆ పిల్లకి జీవితంలో మొదటిసారి.

“లే లేవే, ఏడుస్తూ కూర్చుంటే రేపటికి ఫోటో ఎవరు వేయిస్తారు? ఈ చెవులు బాగా కనపడేలా పెద్దగా వేయించు,” అన్నారు సులోచనమ్మగారు. “బొట్టాయన్ని మాత్రం దించకండి. పక్కనే ఉంచండి. ఎనభయ్యేళ్ళుగా మా ఇంటి మనిషి. ప్రతి ఉగాదికీ మా పచ్చడి తిన్నాడు. నా కష్టం సుఖం అన్నీ విన్నాడు, ఎవరి బిడ్డవే అని ఒక్కనాడు కసురుకోలేదు. పేరేమిటో తెలిస్తే బాగుండును.”

“బొట్టుండే పటాన్నీ, విప్పిన ఫోటోనీ వాట్సాప్ గ్రూపులో పెట్టినా అవ్వా. మన ఆంధ్రా పిల్లోళ్ళ గ్రూపులో. ఎవరన్నా గుర్తుపడ్తారేమోనని నిన్ననే…”

గ్రూపు పేరెత్తగానే ఫోను మోగింది. లండన్ పక్కన హౌన్స్‌లో అనే ఊరి నుంచి ఫయాజ్. కర్నూలు పిల్లాడు, ప్రవల్లికకి కాలేజీలో జూనియర్. ఇప్పుడు ఎయిర్‌పోర్ట్ పక్కన గోడౌన్‌లో పార్శిళ్ళ పని చేస్తూ చదువుకుంటున్నాడు. వీడియో కాల్‌లో పచ్చరంగు జాకెట్టు, వెనక అట్టపెట్టెల గుట్ట.

“అక్కా! బ్రేక్‌లో ఉండా, తొందరగా చెప్తా విను. నువ్వు పెట్టిన ఫోటో మా ఇంట్లోవాళ్ళకి పంపితే మా నానీ, మా అమ్మమ్మ, ఫోను పట్టుకుని ఒకటే ఏడుపు. ఆయన మా నానీ వాళ్ళ నాయన! మహబూబ్ బాషా. ఇటలీలోనే చనిపోయినాడు. సరే గానీ, మా ముత్తాతకి బొట్టెవరు పెట్టినారక్కా?”

గదిలో అందరూ గొల్లున నవ్వారు. సులోచనమ్మగారు ఫోను దగ్గరికి లాక్కున్నారు.

“నేనే నాయనా. నేనూ మా అమ్మా. తెలీక పెట్టాం, ఏమనుకోకండి. మా నాన్ననుకున్నాను.”

ఫయాజ్ నోరు తెరిచాడు, మూశాడు, నవ్వాడు. “ఏమనుకుంటాం అవ్వా! మేము ఆయన పేరున ఏడాదికొకసారి ఫాతెహా చదివించి ఊరుకుంటిమి. మీరు రోజూ దణ్ణం పెట్టినారా? ఉండు, నానీని కలుపుతా. ఆమె చేతిలోనే ఉండాది ఫోను.”

తెర రెండుగా చీలింది. తెల్లటి ముసుగు వేసుకున్న ముసలావిడ కనపడింది, ముక్కుకి మరీ దగ్గరగా పెట్టుకోవడంతో సగం మొహమే. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఇద్దరూ ఒకేసారి చేతులు జోడించారు.

“అమ్మా, మా అబ్బా చనిపోయినాడని మాకు చెప్పింది ఆయన దోస్తు,” అంది కర్నూలు ముసలమ్మ. “యుద్ధం అయిపోయినాక మా ఇంటికొచ్చి, అబ్బా వస్తువులన్నీ మా అమ్మ చేతిలో పెట్టినాడు. నాకప్పుడు ఎనిమిదేండ్లు. ఆ పొద్దు అందరం స్టూడియోకి పోయి ఫోటో దిగినాం. ఫయాజూ, ఆ ఫోటో పంపురా.”

టింగుమని ఫోటో వచ్చింది. ప్రవల్లిక దాన్ని పెద్దది చేసి బల్లమీద పెట్టింది. పట్టాళం దుస్తులు లేవు. మామూలు పంచె, చొక్కా. కానీ మనిషి ఎవరో చెప్పడానికి ఇప్పుడు ఏ చదువూ అక్కర్లేదు. కోటయ్య! యుద్ధం అయిపోయాక, కర్నూల్లో, నిక్షేపంలా కుర్చీలో కూర్చుని ఉన్నాడు. పక్కన ఎనిమిదేళ్ళ పిల్ల. ఆయన ఒళ్ళో ఇంకో పిల్ల, నాలుగేళ్ళుంటాయేమో, నోట్లో వేలు, ఒక కాలికి మాత్రమే వెండిపట్టీ.

“ఒళ్ళో పాప ఎవరు నానీ?” అడిగాడు ఫయాజ్.

“ఒకామె తీసుకొచ్చింది ఆ పాపని. రైల్లో బాపట్ల నుంచి వచ్చినారు. మళ్ళా ఆ సాయంత్రమే పోయినారు. ఆయన మాత్రం వాళ్ళతో పోలేదు.”

సులోచనమ్మగారు తెర మీద ఆ చిన్న కాలిని వేలితో తాకారు.

“రెండో పట్టీ రైల్లో పడిపోయింది,” అన్నారు. “ఎక్కడికి వెళ్ళామో గుర్తులేదు గాని, పట్టీ పోగొట్టినందుకు అమ్మ తిట్టిన తిట్లు ఇంకా గుర్తున్నాయి. అది నేనే.” ఆవిడ మొహం వెలిగిపోతోంది, కళ్ళు ధారలు కడుతున్నాయి. “ప్రభా! నేను మా నాన్నని చూశానే! నాన్న ఒళ్ళో కూర్చున్నానే నేను!”

ఫోన్లో ముసలమ్మ ముసుగు సర్దుకుని, ఈసారి మొహమంతా కనపడేలా ఫోను దూరంగా పెట్టుకుంది.

“నువ్వు సుగుణమ్మ కూతురివా?”

“అవునమ్మా.”

“ఆయన మీతో ఎందుకు రాలేదో, యాడికి పోయినాడో నాకు తెలుసు. మా అమ్మ పోయేముందు నాకు చెప్పి ఒట్టేయించుకుంది. సుగుణమ్మ కూతురు తనంతట తాను అడిగితేనే చెప్పల్ల, అడగకపోతే నాతోనే పోవల్ల అని.”

ప్రభావతి తల్లి భుజం మీద చెయ్యి వేసింది. సులోచనమ్మగారు బల్లమీది ఫోను రెండు చేతులా తీసుకుని, కన్నీళ్ళు తుడుచుకుని, వెన్ను నిటారుగా చేసుకుని కూర్చున్నారు.

“అడుగుతున్నానమ్మా,” అన్నారు. “చెప్పు.”